చేప కోతలు, తుపాకి నిజాలు: అమెరికా దక్షిణాది గట్టు కబుర్లు

లేనియర్ గట్టు | కమింగ్, జార్జియా

మిత్రులకు నమస్కారం. లేనియర్ సరస్సు ఒడ్డున ఎర అమ్మే దుకాణాలలో తెల్లవారకముందే కాఫీ పట్టుకుని కూర్చునే స్థానిక పెద్దల కబుర్లంటే నాకు చాలా ఇష్టం. వాటిని మన భాషలో ఒకచోట చేర్చుకుందామన్న కోరికతో ఈ చర్చను మొదలుపెడుతున్నాను.

అక్కడ రెండే విషయాలు నడుస్తాయి. ఒకటి చేప, రెండవది తుపాకి. చేప సంగతి చెప్పేటప్పుడు ఆ పెద్దలు కొలబద్దను లెక్కచేయరు. నిన్న మూరెడున్న చేప ఈరోజు బారెడవుతుంది, ఎవరూ కాదనరు, పైగా పక్కన కూర్చున్నాయన దానికి మరో జానెడు కలుపుతాడు. అదే మనుషులు తుపాకి ప్రస్తావన రాగానే నిటారుగా కూర్చుంటారు. ఎంత దూరం, ఏ తూటా, జంతువు వెనుక ఏముంది, కాల్చాక తుపాకిలో తూటా కూర్చునే గదిని ఖాళీ చేశావా అని వరుసగా అడుగుతారు, ఒక్క గజం ఎక్కువ చెప్పినా ఊరుకోరు. ఒకే నోటికి రెండు నీతులేమిటని మొదట్లో ఆశ్చర్యపోయాను గానీ, ఇప్పుడు అదే సరైన పద్ధతి అనిపిస్తోంది.

మచ్చుకు ఒక పాత కథ. ఇది దక్షిణాదిలో అందరికీ తెలిసినదే. ఒక ముసలాయన చట్టహూచీ నదిలో అరవై పౌండ్ల క్యాట్‌ఫిష్ పట్టానని పొరుగాయనకు చెప్పాడు. పొరుగాయన నిదానంగా విని, "నాకు చేప పడలేదు గానీ, గాలానికి ఏదో బరువు తగిలితే లాగి చూశాను. అంతర్యుద్ధం నాడు మా తాత పడవలోంచి జారిపోయిన లాంతరు. అద్దం పగలలేదు, లోపల దీపం ఇంకా వెలుగుతూనే ఉంది" అన్నాడు. మొదటాయనకు కోపం వచ్చింది. "నీళ్లలో దీపం వెలగడమేమిటయ్యా?" అన్నాడు. "నువ్వు నీ చేపలో నలభై పౌండ్లు తగ్గించు, నేను నా దీపం ఆర్పేస్తాను" అన్నాడు పొరుగాయన.

మీరు విన్నవి కూడా రాయండి. చేప కథలలో ఎంతైనా కలపండి. తుపాకి మాటలలో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయమని నా మనవి.

ఓక్మల్గీ ఒడ్డు | మేకన్, జార్జియా

చేపను, తుపాకిని కలిపే కథ మా నది దగ్గరే ఉంది కాబట్టి ముందు దానిని చెప్పి తీరాలి.

1932 జూన్ 2న జార్జ్ పెర్రీ అనే యువ రైతు ఒక స్నేహితుడితో కలిసి మాంట్‌గోమరీ లేక్‌కు వెళ్లాడు. పేరుకు సరస్సే గానీ, అది ఓక్మల్గీ నది వంపు తెగిపోయి మిగిలిన మడుగు. వాన పడి పొలం దున్నడానికి వీలులేని రోజు అది. ఆర్థిక మాంద్యపు కాలం కావడంతో ఇద్దరికీ కలిపి ఒక్కటే కృత్రిమ ఎర ఉండేది. దానికి చిక్కిన లార్జ్‌మౌత్ బాస్ అనే పెద్ద నోటి మంచినీటి చేప 22 పౌండ్ల 4 ఔన్సులు తూగింది. హెలీనా అనే చిన్న ఊరికి తీసుకువెళ్లి తూకం వేయించి, కాగితం మీద రాయించి, ఒక పత్రిక నడిపే పెద్ద చేపల పోటీకి ఆ వివరం పంపారు. బహుమతిగా 75 డాలర్ల విలువైన సామాను వచ్చింది, అందులో చిన్న గుండ్లు చిమ్మే షాట్‌గన్ తుపాకి ఒకటి ఉంది. మరి చేప ఏమైంది? ఇంటిల్లిపాదీ వండుకుని తిన్నారు.

ఆ ప్రపంచ రికార్డును ఇప్పటివరకు ఎవరూ తుడిచివేయలేకపోయారు. 2009 జూలై 2న జపాన్‌లోని బీవా సరస్సులో మనాబు కురీటా అనే ఆయన 22 పౌండ్ల 4.97 ఔన్సుల బాస్ పట్టాడు. పాతదాని మీద కనీసం 2 ఔన్సులు పెరిగితేనే కొత్త రికార్డు అవుతుందని, చేపల రికార్డులు నమోదు చేసే అంతర్జాతీయ సంస్థ నియమం. అందుకే ఇద్దరినీ సమానులుగా ప్రకటించారు. కురీటాకు సత్యశోధన యంత్రంతో పరీక్ష కూడా జరిపారు.

మా ఊరి పెద్దలు దీని మీద ఇప్పటికీ వాదించుకుంటారు. పొయ్యి మీదికి ఎక్కిన చేపను ఎవరు కొలిచి చూడగలరని కొందరంటారు. పిల్లల కడుపు నింపడానికి వెళ్లిన రైతుకు అబద్ధం ఆడవలసిన అవసరమేమిటని ఎక్కువమంది అంటారు. నేను రెండవ పక్షం. పట్టినవాడు కథను పెంచుకోకుండా, తూకం కాగితాన్ని పంపి తన పొలం పనిలో పడిపోయిన తీరే నాకు నమ్మకం కలిగిస్తుంది.

ట్రినిటీ తీరం | ఫ్రిస్కో, టెక్సస్

ఓక్మల్గీ గారు చెప్పిన కథ అద్భుతంగా ఉంది. టెక్సస్ తరఫున రెండు సంగతులు.

మా లేక్ ఫోర్క్‌లో 1986లో పట్టుబడిన 17.67 పౌండ్ల బాస్‌కు ఎథెల్ అని పేరు పెట్టారు. రాష్ట్ర ప్రభుత్వం పెద్ద చేపలను ప్రాణంతో తీసుకుని వాటితో గుడ్లు పెట్టించే కార్యక్రమానికి అదే మొదటి చేప. తర్వాత మిస్సోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక పెద్ద దుకాణపు అద్దాల తొట్టిలో ఏళ్లతరబడి జనానికి దర్శనమిచ్చింది. 1994లో అది చనిపోయినప్పుడు స్మారక సభ జరిపితే వెయ్యిమందికి పైగా హాజరయ్యారు. ఇది కోత కాదు, నిజం.

రెండవది ఇంకా బాగుంటుంది. ఇప్పుడున్న టెక్సస్ రికార్డు బాస్ 18.18 పౌండ్లది, 1992 జనవరిలో అదే సరస్సులో పడింది. వేలకు వేలు ఖర్చుపెట్టి పడవలు, యంత్రాలు కొన్నవారెవరికీ అది చిక్కలేదు. క్రాపీ అనే అరచేతి వెడల్పు చేప కోసం సన్నని తీగకు బతికున్న చిన్న మీనును గుచ్చి కూర్చున్న మనిషికి పడింది.

పందెం డబ్బు ప్రవేశించిన చోట మాత్రం చేప కోతకు నవ్వే ఓపిక మావాళ్లకు లేదు. 2009లో డాలస్ పక్కనే ఉన్న రే హబ్బర్డ్ సరస్సు పోటీలో ఒకాయన తెచ్చిన బాస్ కడుపులో పౌండు బరువున్న సీసపు దిమ్మ దొరికింది. బహుమతి ఖరీదైన పడవ కావడంతో అతడు జైలుకు వెళ్లవలసి వచ్చింది. నోటితో ఎన్ని పౌండ్లు కలిపినా క్షమిస్తారు, సీసంతో ఒక్క పౌండు కలిపితే క్షమించరు.

కొల్లేటి కొంగ | మాంట్‌గోమరీ, అలబామా

పోటీల మాట వచ్చింది కాబట్టి వాటి మూలం చెబుతాను. బాస్ చేపల పోటీని వృత్తిగా మార్చిన రే స్కాట్ మా మాంట్‌గోమరీవాడే, బీమా పాలసీలు అమ్ముకునేవాడు. 1967లో ఆర్కన్సాలోని బీవర్ లేక్‌లో మొదటి పోటీ పెట్టి, మరుసటి ఏడాది బాస్ వేటగాళ్ల సంఘాన్ని స్థాపించాడు. 1972 నుంచి పట్టిన చేపను ప్రాణంతో తిరిగి నీటిలో వదలాలన్న పద్ధతిని ప్రచారం చేశాడు. అప్పటిదాకా చేపలను తాడుకు గుచ్చి ఫొటో దిగడమే ఘనత.

నేను పుట్టింది కొల్లేటి లంకలలో. చేపను వదిలేయడమనే మాట మా నాన్నగారికి చెబితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "ఆకలి లేనివాడి వేట వేరు నాయనా" అన్నారు. ఆయన కోసం ఇంకొక సంగతి చెప్పాను. రబ్బరు కప్పను నాచు మీద గెంతిస్తే బాస్ కిందినుంచి నాచును చీల్చుకుని వచ్చి మింగుతుంది. మన కొర్రమేనును పట్టే తీరు కూడా అచ్చంగా అదే. ఆ మాటతో ఆయన ముఖం వెలిగిపోయింది.

బేయూ బాబు | లఫాయెట్, లూసియానా

చరిత్ర బాగానే నడుస్తోంది గానీ కథలు తగ్గుతున్నాయి. మా వైపు కథ ఒకటి వినండి.

ఒక మనిషి బేయూ అనే నిదానంగా పారే చిత్తడి వాగులో గాలం వేస్తూ ఎర అయిపోయి దిగులుగా ఉన్నాడు. అంతలో పక్కనే ఒక నీటిపాము నోట కప్పను కరచుకుని కనబడింది. బాస్‌కు కప్పను మించిన ఎర లేదు. పాము మెడ పట్టుకుని కప్పను లాక్కున్నాడు గానీ, దాని నోటి కూడు తీసినందుకు మనసు నొచ్చుకుని, జేబులోని విస్కీ సీసా తీసి పాము నోటిలో రెండు చుక్కలు పోశాడు. పాము కళ్లు తిప్పుకుంటూ వెళ్లిపోయింది. కాసేపటికి అతని బూటును ఎవరో తట్టినట్లయింది. కిందికి చూస్తే అదే పాము, ఈసారి నోట రెండు కప్పలు.

ట్రినిటీ గారు చెప్పిన క్రాపీని మా ఫ్రెంచి మాటల పెద్దలు సాకలే అంటారు. మొక్కజొన్న పిండి పట్టించి వేపితే ముల్లు తప్ప ఏమీ మిగలదు.

యాజూ వాగు | జాక్సన్, మిసిసిపీ

పాము మాట వచ్చింది కాబట్టి లేనియర్ గట్టు గారు గీసిన గీత ఎందుకు అవసరమో చెప్పే కథ రాస్తాను. మా వైపు ప్రతి పల్లెలోనూ దీనిని తమ ఊళ్లోనే జరిగినట్లు చెబుతారు.

ఇద్దరు బావమరుదులు రేకు పడవలో సైప్రస్ చెట్ల కిందుగా వెళుతుండగా, కొమ్మ మీద ఎండ కాచుకుంటున్న పాము ధబ్బున పడవలో పడింది. ముందున్నవాడు నీళ్లలోకి దూకాడు. వెనుకనున్నవాడు షాట్‌గన్ తీసి కాల్చాడు. పాము తప్పించుకుంది, పడవ అడుగున పుచ్చకాయంత చిల్లు పడింది. పడవ మునుగుతుంటే పాము ముందుగా ఒడ్డు చేరి, వీళ్లు ఈదుకుంటూ రావడం చూస్తూ కూర్చుందట.

నవ్వుకున్నాం. కానీ ఆ కథ చెప్పే పెద్దాయన అక్కడితో ఆపడు. పిల్లలు నవ్వడం అయ్యాక గొంతు తగ్గించి మూడు సంగతులు చెబుతాడు. మొదటిది, కొమ్మల మీదినుంచి పడేవి చాలావరకు విషం లేని నీటిపాములే, విషమున్న కాటన్‌మౌత్ అంత ఎత్తు ఎక్కడం అరుదు. రెండవది, నీటి మీదికి ఏటవాలుగా కాల్చిన గుండు మునిగిపోదు, చదునైన రాయి విసిరితే గెంతినట్లు గెంతి అవతలి ఒడ్డుకు పోతుంది, అక్కడ ఎవరి పిల్లలున్నారో నీకు తెలియదు. మూడవది, పాయింట్ టూ టూ అనే చిన్న తూటా చిటికెన వేలి గోరంత కనబడినా మైలు దాటి పోగలదు, ఆ హెచ్చరిక పెట్టె మీదనే అచ్చువేస్తారు. పడవలో చిల్లు పడిందన్న కథలో ఎంతైనా కలుపుతాడు గానీ ఈ మూడు మాటలను ఏనాడూ ఒక్క అక్షరం మార్చి చెప్పలేదు.

పన్నెండు గేజీ | లిటిల్ రాక్, ఆర్కన్సా

యాజూ వాగు గారికి ధన్యవాదాలు. బాతుల వేట ప్రాంతం నుంచి వచ్చాను కాబట్టి తుపాకి సంగతి కొంచెం విపులంగా రాస్తాను.

కొత్తవారు మొదట అడిగేది గేజీ అంటే ఏమిటని. గొట్టం లోపలి వ్యాసానికి సరిపోయే సీసపు గుండ్లు ఎన్ని కలిస్తే ఒక పౌండు తూగుతాయో అదే గేజీ. పన్నెండు గుండ్లు పౌండు తూగితే పన్నెండు గేజీ, ఇరవై తూగితే ఇరవై గేజీ. అందుకే అంకె పెరిగే కొద్దీ గొట్టం సన్నబడుతుంది. ఫోర్ టెన్ ఒక్కటే ఈ లెక్కకు రాదు, అది అంగుళంలో 0.410 వంతు అని నేరుగా చెప్పే కొలత.

ఈ లెక్క సరదా కోసం కాదు. ఇరవై గేజీ తూటాను పొరపాటున పన్నెండు గేజీ తుపాకిలో వేస్తే అది కిందికి జారి గొట్టంలో కొంతదూరం పోయి ఇరుక్కుంటుంది. తుపాకి పేలలేదేమిటని వెనుక పన్నెండు గేజీ తూటా వేసి మళ్లీ కాలిస్తే గొట్టం ఎడమ చేతిలోనే పగిలిపోతుంది. ఇరవై గేజీ తూటాలను పసుపు రంగులో తయారు చేసేది ఇందుకే. రెండు రకాల తూటాలను ఒకే జేబులో వేసుకున్న మనిషిని మా బాతుల గుంపులో ఎవరూ పక్కన కూర్చోనివ్వరు.

బాతులకు సీసపు గుండ్లు వాడటం 1991 నుంచి దేశమంతటా నిషిద్ధం. నీటి అడుగున పడిన సీసాన్ని పక్షులు మేతతో పాటు మింగి చనిపోయేవి. ఇప్పుడు ఉక్కు గుండ్లు వాడతాం, ఉక్కు తేలిక కాబట్టి గుండు సైజు కాస్త పెంచుకుంటాం. వలస పక్షులకు షాట్‌గన్‌లో మూడు తూటాలకు మించి పట్టకుండా లోపల అడ్డు పెట్టాలి.

ఇక కథ. మా స్టట్‌గార్ట్ పట్టణంలో మనుషులు బాతులా కూసే పోటీ 1936 నుంచి జరుగుతోంది, మొదటి విజేతకు ఇచ్చిన బహుమతి 6.60 డాలర్ల వేట కోటు. ఆ పట్టణంలో ఒకాయన కొత్త కుక్కను కొన్నాడు. బాతు పడగానే అది నీటి మీద నడుచుకుంటూ వెళ్లి, కాళ్లు తడవకుండా బాతును తెచ్చింది. ఎవరూ నమ్మరని, ఎప్పుడూ దేనినీ మెచ్చుకోని మిత్రుణ్ని వెంట తీసుకువెళ్లాడు. కుక్క పొద్దంతా నీటి మీద నడిచి బాతులు తెస్తూనే ఉంది, మిత్రుడు నోరు మెదపలేదు. చివరికి ఉండబట్టలేక, "నా కుక్కలో ఏమైనా విశేషం కనబడిందా?" అని అడిగాడు. "కనబడింది. పాపం, దానికి ఈత రాదు" అన్నాడు మిత్రుడు.

కుంభంపాటి వీధి | బర్మింగ్‌హామ్, అలబామా

తుపాకి మాటలో కోత ఉండదన్న వాదనతో నేను ఏకీభవించలేను. జింకల కాలంలో వేట శిబిరానికి వెళ్లి చూడండి. నాలుగు వందల గజాల నుంచి పరుగెత్తే జింకను ఒక్క తూటాతో పడగొట్టానని చెప్పేవారు చుట్టూ కనబడతారు. చేపను సాగదీసినట్టే దూరాన్నీ సాగదీస్తారు. అలాంటప్పుడు పెద్దల మీద లేని గుణాన్ని మోపడం ఎందుకు?

కిన్నెరసాని | నాష్‌విల్, టెనెస్సీ

కుంభంపాటి వీధి గారూ, మీరు చెప్పిన మనుషులు ఉన్నారు, కాదనను. వేట శిక్షణ తరగతులలో స్వచ్ఛందంగా పాఠం చెబుతాను కాబట్టి అలాంటి మాటలు నాకూ వినబడతాయి. అయితే వారిని శిబిరంలో ఎవరు ఎలా చూస్తారన్నది గమనించండి.

ఉదాహరణకు మా ప్రాంతపు తాతల తుపాకి థర్టీ థర్టీ. 1894 నమూనా వించెస్టర్ తుపాకి కోసం 1895లో వచ్చిన తూటా పేరు అది. ఆ తుపాకిలో తూటాలు గొట్టం కింద ఉన్న మరో గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి వరుసగా కూర్చుంటాయి. వెనుక తూటా ముక్కు ముందు తూటా అడుగున దెబ్బ తగిలితే పేలే మందు బిళ్లకు ఆనుతుంది కాబట్టి మొనదేలిన గుండు పెట్టడం ప్రమాదం, అందుకే మొద్దు ముక్కు గుండు పెడతారు. మొద్దు ముక్కు గాలిని కోయలేదు, దూరం పోయేకొద్దీ గుండు త్వరగా కిందికి వాలిపోతుంది. నూట యాభై గజాల లోపల అది మంచి తుపాకి. ఆ తుపాకితో నాలుగు వందల గజాలని ఎవరైనా అంటే, అక్కడున్న పెద్దలకు రెండే అర్థాలు తోస్తాయి. అతడు అబద్ధం చెబుతున్నాడు, లేదా గాయపడిన జింకను అడవిలో వదిలేసి వచ్చాడు. రెండవదాన్ని వారు క్షమించరు. కోసిన కోతకు చేప బాధపడదు, కోతను నమ్మి రేపు అంత దూరం నుంచి కాల్చే కుర్రవాడి వల్ల జింక బాధపడుతుంది.

నేను తరగతిలో ఒక పని చేయిస్తాను. గొట్టం కింది పిడిని వెనక్కి లాగి తూటా మార్చే పంప్ షాట్‌గన్ ఒకదాన్ని ఖాళీగా బల్ల మీద పెట్టి, ఖాళీగా ఉందో లేదో చూడమంటాను. చాలామంది పైనుంచి ఒకసారి చూసి ఖాళీ అంటారు. అది చాలదు. గొట్టాన్ని మనుషులు లేని వైపు తిప్పి, పంపును పూర్తిగా వెనక్కి లాగి, గదిలోకి చూసి, ఆపైన చిటికెన వేలు లోపలికి పెట్టి ఇనుప అంచును తడిమి, కింది గొట్టంలోనూ తూటా లేదని తడిమి చెప్పాలి. పక్కవారికి అందిస్తే వారు మళ్లీ అదే పని మొదటినుంచి చేయాలి. నేనిప్పుడే చూశానుగా అని ఎవరూ నొచ్చుకోకూడదు. కంచె దాటేటప్పుడైతే తూటాలు తీసి, గది తెరిచి, తుపాకిని ముందుగా అవతలి వైపు నేల మీద పెట్టి, ఆ తర్వాతే మనిషి దాటాలి.

ఓక్మల్గీ ఒడ్డు | మేకన్, జార్జియా

కిన్నెరసాని గారి మాటకు బలంగా ఒక ఉదాహరణ. 2004లో మా రాష్ట్రంలోని అలపహా అనే ఊళ్లో ఒక భారీ పందిని కాల్చారు. పన్నెండడుగుల పొడవు, వెయ్యి పౌండ్ల బరువు అని చెప్పి ఒకే ఒక ఫొటో చూపించి పాతిపెట్టారు. దానికి హాగ్‌జిల్లా అని పేరు వచ్చి దేశమంతా మోగిపోయింది. చివరికి నేషనల్ జియోగ్రాఫిక్ నిపుణులు గొయ్యి తవ్వించి కొలిస్తే, పొడవు ఎనిమిది అడుగుల లోపు, బరువు సుమారు 800 పౌండ్లు అని తేలింది. అడవి వరాహానికీ పెంపుడు పందికీ పుట్టిన సంకరమని కూడా తేల్చారు. ఎనిమిది వందల పౌండ్ల పంది తనంత తానే గొప్ప వింత, దానికి ఇంకా కలపవలసిన అవసరం ఎవరికి వచ్చిందో నాకు అర్థం కాదు.

కుంభంపాటి వీధి | బర్మింగ్‌హామ్, అలబామా

కిన్నెరసాని గారూ, జింక గురించి మీరు రాసిన వాక్యం నన్ను ఆలోచింపజేసింది. మనుషులు సాగదీస్తారన్న నా మాట మారదు. విన్నవారు ఊరుకోకూడదన్న మీ మాటను మాత్రం పూర్తిగా ఒప్పుకుంటున్నాను.

కొత్త గాలం | ఆల్ఫరెట్టా, జార్జియా

అందరికీ నమస్కారం. ఈ మధ్యనే హెచ్-1బి వీసాపై వచ్చాను. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట దాదాపుగా లేకుండా పోయింది, తుపాకిని నేను పోలీసుల భుజాల మీద తప్ప చూడలేదు. సహోద్యోగి ఒకాయన సెప్టెంబరులో గువ్వల వేటకు రమ్మంటున్నారు, ఆయన తుపాకి నాకిస్తానన్నారు. నేను పట్టుకోవచ్చునా? ముందుగా చేపలతో మొదలుపెట్టాలన్నా ఏం చేయాలో దయచేసి పెద్దలు చెప్పండి.

కిన్నెరసాని | నాష్‌విల్, టెనెస్సీ

తమ్ముడూ, అడగడమే మంచి పని చేశారు, ఎందుకంటే చాలామంది అడగకుండానే చేతిలోకి తీసుకుంటారు. కేంద్ర చట్టం ప్రకారం హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాపై ఉన్నవారు తుపాకి గానీ తూటా గానీ కలిగి ఉండటం సాధారణంగా నేరం. అరువు తీసుకున్నా, కాల్పుల మైదానంలో చేతిలోకి తీసుకున్నా ఆ నిషేధం తప్పదు. ఏదైనా అమెరికా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి ఒక మినహాయింపు ఉంది. కాబట్టి మీ వరుస ఇది. ముందు వేట శిక్షణ తరగతి, తర్వాత లైసెన్సు, అది చేతికి వచ్చాకే తుపాకి. జార్జియాలో 1961 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవారికి లైసెన్సు కోసం శిక్షణ తప్పనిసరి. వలస హోదాకు సంబంధించిన విషయం కనుక ఒకసారి న్యాయవాదిని కూడా సంప్రదించండి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు.

గువ్వల పొలంలో అందరూ చుట్టూ అంచుల వెంబడి కూర్చుంటారు. పక్షి ఎంత ఊరించినా తల ఎత్తు కంటే కిందుగా వెళితే తుపాకి ఎత్తకూడదు, ఎదురుగా గట్టు మీద మరొక మనిషి ఉంటాడు. ఆకాశం కనబడితేనే కాల్చాలి.

పన్నెండు గేజీ | లిటిల్ రాక్, ఆర్కన్సా

కొత్త గాలం గారికి స్వాగతం. చేపల లైసెన్సు కూడా మరచిపోవద్దు, వేట అధికారి అడగకుండా ఉండడు.

వేట అధికారి అంటే గుర్తొచ్చింది. ఒకాయన రోజూ పడవ నిండా చేపలు తెస్తుంటే అనుమానం వచ్చిన అధికారి, మామూలు మనిషి వేషంలో తోడుగా వెళ్లాడు. సరస్సు మధ్యకు వెళ్లగానే ఆయన డైనమైట్ కడ్డీ వెలిగించి నీళ్లలోకి విసిరాడు, చేపలు తెల్లగా తేలాయి. అధికారి తన బిళ్ల చూపించి చట్టం చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన మరో కడ్డీ వెలిగించి అధికారి చేతిలో పెట్టి, "అయ్యా, మీరు కబుర్లు చెబుతారా, చేపలు పడతారా?" అని అడిగాడు.

కొల్లేటి కొంగ | మాంట్‌గోమరీ, అలబామా

కథకు హాయిగా నవ్వాను. కానీ గోదావరి, కృష్ణా తీరాలలో నాటుబాంబులతో చేపలు పట్టబోయి చేతులు పోగొట్టుకున్నవారు ఉన్నారు. ఒక్క పేలుడుకు పిల్ల చేపలు, గుడ్లు, పురుగులు సహా ఆ మడుగంతా చచ్చిపోతుంది, తేలినవాటి కంటే అడుగున మునిగిపోయినవే ఎక్కువ. రెండుచోట్లా అది నేరం. ఈ కథ పిల్లలకు చెప్పేటప్పుడు ఆ మాట కూడా చెప్పండి.

కిన్నెరసాని | నాష్‌విల్, టెనెస్సీ

చేతులు అంటే మా వైపు ఒట్టి చేతులతో పట్టే పద్ధతి ఉంది. వేసవి మొదట్లో ఫ్లాట్‌హెడ్ క్యాట్‌ఫిష్ ఒడ్డు కింది బొరియలలో, మునిగిన దుంగలలో గుడ్లు పెడుతుంది, మగ చేప వాటిని కాపలా కాస్తుంది. మనిషి ఊపిరి బిగబట్టి బొరియలోకి చెయ్యి పెడితే అది కోపంతో చేతిని మింగుతుంది. అప్పుడు దవడ కింద పట్టు దొరకబుచ్చుకుని పైకి లాగాలి. దాని నోటిలో కోరలుండవు, సన్నని గరుకు పళ్ల పట్టీ ఉంటుంది. చేప తల తిప్పితే మోచేతి దాకా చర్మం లేచిపోతుంది. తోడు లేకుండా ఎవరూ దిగరు, ఎందుకంటే అదే బొరియలో కరిచే తాబేలు కూడా ఉండవచ్చు.

ఆ పని చేసే కుటుంబాన్ని ఒడ్డున నిలబడి చూశాను. తల్లి నీటిలో మునిగింది, తండ్రి ఆమె నడుము పట్టుకున్నాడు, ఇద్దరు కొడుకులు బొరియ రెండవ వైపున కాళ్లు అడ్డుపెట్టారు. ఆమె పైకి తేలేసరికి చేప తల ఆమె ఒళ్లో పట్టలేదు. దాని బరువు ఎంతని నేను అడగలేదు. సాయంత్రం ఆ ఇంటి అరుగు మీద దానిని పెద్ద కొడుకు యాభై అన్నాడు, చిన్నవాడు డెబ్బై అన్నాడు, ఆమె ఏమీ అనకుండా చేతికి మందు రాసుకుంది.

లేనియర్ గట్టు | కమింగ్, జార్జియా

ఇన్ని మంచి కథలు వస్తాయని అనుకోలేదు. కొత్త గాలం గారూ, మీరు ఆల్ఫరెట్టాలో ఉన్నారు కాబట్టి లేనియర్‌లో క్రాపీతో మొదలుపెట్టండి. వసంతంలో నీరు అరవై డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుండగా అవి వాగులు సరస్సులో కలిసే చోట్లకు, పడవల రేవుల నీడలోకి, మునిగిన కొమ్మల మధ్యకు వస్తాయి. ఔన్సులో పదహారో వంతు బరువున్న జిగ్ అనే చిన్న కృత్రిమ ఎర గానీ, బతికున్న చిన్న మీను గానీ చాలు. బెండు ఒక్కసారిగా మునగదు, కొన్నిసార్లు పక్కకు వాలుతుంది, కొన్నిసార్లు పైకి లేచి పడుకుంటుంది, ఎందుకంటే క్రాపీ ఎరను కిందినుంచి పైకి పోతూ అందుకుంటుంది. అప్పుడు కర్రను గట్టిగా గుంజవద్దు. దాని మూతి చర్మం పొరలాగా పలచన, గుంజితే చినిగిపోయి చేప జారిపోతుంది. మెల్లగా ఎత్తి, చివరి మూరెడు దగ్గర చేతివల పెట్టండి.

కొత్త గాలం | ఆల్ఫరెట్టా, జార్జియా

అందరికీ కృతజ్ఞతలు. చేపల లైసెన్సు తీసుకున్నాను, వేట శిక్షణ తరగతికి పేరు నమోదు చేసుకున్నాను. తుపాకి ఇస్తానన్న సహోద్యోగికి కిన్నెరసాని అక్క చెప్పిన చట్టం వివరించాను. ఆయన అంతా విని, లైసెన్సు వచ్చేదాకా గువ్వల పొలంలో తన పక్కన ఊరికే కూర్చుని చూడమన్నారు. ఈ శనివారం మీరు చెప్పిన రేవుకు వెళుతున్నాను. చిన్న మీనులు ఎక్కడ దొరుకుతాయో, వాటిని ఇంటి నుంచి సరస్సు దాకా ప్రాణంతో ఎలా తీసుకువెళ్లాలో ఎవరైనా చెప్పగలరా?

లేనియర్ గట్టు | కమింగ్, జార్జియా

ఇంటి నుంచి తీసుకువెళ్లవద్దు, సరస్సు పక్కన ఉన్న ఎర దుకాణంలోనే కొనండి. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఉన్న బకెట్టు తీసుకోండి, కుళాయి నీరు పోయవద్దు, అందులోని క్లోరిన్ వాటిని చంపేస్తుంది. దుకాణం వారు పోసి ఇచ్చిన నీటినే ఉంచి, ఎండ తగలకుండా నీడలో పెట్టండి. తెల్లవారేసరికి అక్కడికి వస్తే ఆ కాఫీ పెద్దలనూ పరిచయం చేస్తాను.